ఉష్ణోగ్రతా ఘటనల నమోదు: లైనక్స్ కెర్నల్ పద్ధతి - వెంకటాపురం ట్యాంకు అనుభవం

వ్యాససంగ్రహం:
ఉష్ణోగ్రతను కొలవడం ఒక పని. ఆ కొలతను, దాని ఆధారంగా తీసుకున్న చర్యను ఒకే కాలక్రమంలో నమోదు చేయడం మరొక పని. రెండవదాని కోసం 2014లో లైనక్స్ కెర్నల్‌లో చేర్చిన ఏర్పాటును ఈ వ్యాసం వివరిస్తుంది. సింహాచలం సమీపంలో 2020లో జరిగిన స్టైరీన్ దుర్ఘటనపై విచారణ తేల్చిన అంశాల వెలుగులో ఆ ఏర్పాటు ప్రయోజనాన్ని, పరిమితిని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లైనక్స్, కెర్నల్, ఉష్ణమండలం, ఘటన నమోదు, స్టైరీన్, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:
ఆపరేటింగ్ సిస్టమ్‌లో యంత్రభాగాలను నేరుగా నియంత్రించే అంతర్భాగమే కెర్నల్. ప్రాసెసర్ వేడెక్కినప్పుడు ఫ్యాను వేగం పెంచడం, ప్రాసెసర్ వేగం తగ్గించడం, ప్రమాదస్థాయి దాటితే యంత్రాన్ని ఆపివేయడం దాని బాధ్యతలు. ఇందుకోసం లైనక్స్ ప్రతి సెన్సార్ పరిధిని ఒక ఉష్ణమండలంగా పరిగణిస్తుంది. ప్రతి మండలానికీ కొన్ని హద్దులు ఉంటాయి. హద్దు దాటినప్పుడు శీతలీకరణసాధనాలకు ఆదేశం వెళుతుంది.

ఉష్ణోగ్రతను ఒక ఫైలు ద్వారా చదివే వీలు పూర్వమే ఉంది. అయితే బయటి ప్రోగ్రాము ఆ ఫైలును పదేపదే చదవడం ప్రాసెసర్‌కు అదనపు భారం. పైగా ఆ ప్రోగ్రాము చదివిన విలువ, కెర్నల్ ఏ విలువను చూసి నిర్ణయం తీసుకుందో ఆ విలువ ఒకటే కానవసరం లేదు.

2. మూడు ఘటనలు:
ఈ లోటును తీర్చడానికి కెర్నల్‌లో మూడు నమోదుస్థానాలను ఏర్పరచారు.

మొదటిది ‘థర్మల్_టెంపరేచర్’. కెర్నల్ కొత్త కొలత తీసుకున్నప్పుడు మండలం పేరు, సంఖ్యలతోపాటు గత ఉష్ణోగ్రతను, ప్రస్తుత ఉష్ణోగ్రతను ఇది నమోదు చేస్తుంది. విలువలు డిగ్రీలో వెయ్యవ వంతులలో ఉంటాయి. ఉదాహరణకు 49000 తరువాత 61000 అని ఉంటే, రెండు కొలతల మధ్య 49 డిగ్రీల నుండి 61 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగిందని అర్థం.

రెండవది ‘సీడెవ్_అప్‌డేట్’. ఏ శీతలీకరణసాధనాన్ని ఏ స్థాయికి మార్చారో ఇది తెలుపుతుంది.

మూడవది ‘థర్మల్_జోన్_ట్రిప్’. ఏ హద్దును ఉష్ణోగ్రత చేరిందో, ఆ హద్దు ఏ రకానిదో ఇది తెలుపుతుంది.

ఈ మూడింటినీ ఒకే కాలరేఖపై పెట్టి చదివితే వేడి ఎప్పుడు పెరిగింది, హద్దు ఎప్పుడు చేరింది, చర్య ఎంత ఆలస్యంగా జరిగింది అన్న ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

3. నమోదుకయ్యే భారం:
నమోదు నిలిపి ఉంచినప్పుడు ఆ స్థానంలో ఏ పనీ చేయని ఒక సూచన మాత్రమే ఉంటుంది. అందువల్ల దాని భారం దాదాపు శూన్యం. నమోదును ప్రారంభించినప్పుడు కెర్నల్ ఆ సూచనను మార్చి, వివరాలను జ్ఞాపకశక్తిలోని వలయాకార నిల్వలో రాస్తుంది. నిల్వ నిండితే సాధారణంగా పాత వివరాలు చెరిగిపోతాయి. యంత్రం ఆగిపోతే, ముందుగా డిస్కుకు చేర్చని వివరాలు కూడా సాధారణంగా దక్కవు. తీవ్రమైన వేడి వల్ల యంత్రం ఆగిన సందర్భాన్ని పరిశోధించేవారు ఈ సంగతిని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

4. వెంకటాపురం ట్యాంకు:
కొలత ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదనడానికి విశాఖపట్నంలోనే ఒక విషాదనిదర్శనం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున, సింహాచలం కొండకు సమీపంలోని గోపాలపట్నం పరిధిలో, ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో ఎం6 ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది మరణించారు. రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం 2020 జులై 6న నివేదిక సమర్పించింది.

స్టైరీన్ అణువులు తమంతట తాము కలిసి పాలిమర్‌గా మారుతున్నప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి చర్యావేగాన్ని మరింత పెంచుతుంది. దీనిని అదుపులో ఉంచడానికి నిరోధకరసాయనం, శీతలీకరణ, ద్రవప్రసరణ అవసరం. ట్యాంకులో అడుగుభాగపు ఉష్ణోగ్రతను మాత్రమే కొలిచారని, మధ్య, పై భాగాలలో కొలిచే ఏర్పాటు లేదని సంఘం గుర్తించింది. ప్రసరణలోపాన్ని, నిరోధకం కొరతను, శీతలీకరణను రాత్రింబవళ్లు నడపకపోవడాన్ని, ప్రమాదసూచక సైరన్ మోగకపోవడాన్ని కూడా అది ఎత్తిచూపింది. చల్లని ద్రవం బరువు వల్ల అడుగునే నిలుస్తుంది కనుక, ద్రవం సరిగా కలవని ట్యాంకులో అడుగుభాగపు కొలత పైభాగపు వేడిని తెలుపలేదు.

5. పోలిక - పరిమితి:
కెర్నల్ పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ లోపం రెండు చోట్ల ఉంది. కొలవవలసిన మండలానికి సెన్సార్ లేదు. హద్దు దాటినప్పుడు జరగవలసిన చర్య జరగలేదు. ఘటనల నమోదు రెండవ లోపాన్ని బయటపెట్టగలదు. ఎందుకంటే ఉష్ణఘటన నమోదై, శీతలీకరణఘటన నమోదు కాకపోతే ఆ ఖాళీయే సాక్ష్యం. మొదటి లోపాన్ని మాత్రం అది బయటపెట్టలేదు. సెన్సార్ చూడని వేడి ఏ నమోదులోనూ కనిపించదు. ప్రాసెసర్ విషయంలోనూ ఇంతే. సెన్సార్‌కు దూరంగా ఉన్న భాగం వేడెక్కుతున్నా నమోదులో ప్రశాంతమైన అంకెలే ఉండవచ్చు.

6. ముగింపు:
1. కెర్నల్ తన నిర్ణయానికి ఆధారమైన ఉష్ణోగ్రతనే నమోదు చేయడం వల్ల తరువాతి పరిశోధనకు నమ్మదగిన ఆధారం లభిస్తుంది.
2. ఉష్ణోగ్రత, హద్దు, చర్య అనే మూడింటిలో ఏది లోపించినా నమోదు అసంపూర్ణమే.
3. నమోదువివరాలను ఎప్పటికప్పుడు శాశ్వతనిల్వకు చేర్చాలి.
4. ఏ వ్యవస్థలోనైనా నమోదును రూపొందించే ముందు సెన్సార్లు ఎక్కడ ఉన్నాయో, ఏ భాగం కొలతకు అందడం లేదో నిర్ధారించుకోవాలి. వెంకటాపురం విచారణ సాంకేతికరంగానికి అందించిన ముఖ్యమైన పాఠం ఇదే.