చెక్కపెట్టె చేద్దాం, తప్పులు దిద్దుకుందాం

పెట్టె లేని ఇల్లంటూ ఉండదు. వంటింట్లో పోపులపెట్టె, దేవుడి గూట్లో కుంకుమ బరిణె, పాత ఇళ్ళలో భోషాణం... ఇలా ఎక్కడ చూసినా ఏదో ఒక పెట్టె కనిపిస్తూనే ఉంటుంది. దాచుకోవటానికి నాలుగు వస్తువులు చేరగానే మనిషి పెట్టె కోసం చూస్తాడు.

చెక్కతో పెట్టెలు చెయ్యటం ఈనాటి విద్య కాదు. 1922లో హోవర్డ్ కార్టర్ అనే ఆయన ఈజిప్టు దేశంలో టూటన్‌ఖామున్ రాజు సమాధిని కనుక్కున్నాడు. అందులో పదుల కొద్దీ చెక్కపెట్టెలు దొరికాయి. అవి సుమారు 3,300 సంవత్సరాల నాటివి. ఈజిప్టులో పెద్ద మానులు తక్కువ. అక్కడ పెరిగే తుమ్మ, మేడి జాతుల కర్ర పొట్టిగా, ముడులతో ఉంటుంది. మంచి దేవదారు జాతి కర్ర కావాలంటే లెబనాన్ నుంచి తెప్పించుకోవలసి వచ్చేది. అందుచేత ఆ కాలపు వడ్రంగులు తమకు దొరికిన కర్రను ఊరికే పారేసేవారు కారు. ముడి ఊడి కన్నం పడితే సరిగ్గా ఆ కన్నానికి సరిపోయే చెక్కముక్క చెక్కి అతికేవారు. సందులుంటే పూడ్చి, పైన రంగు వేసేవారు. పెట్టె చెయ్యటం ఎంత పాతదో, పెట్టెలో తప్పులు దిద్దటం కూడా అంత పాతదే!

మనం కూడా ఒక చిన్న పెట్టె చేద్దాం. పెన్సిళ్ళు, రబ్బరు, కొలబద్ద పెట్టుకోవటానికి పనికివస్తుంది. చేసేటప్పుడు ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో, దాన్ని ఎలా దిద్దుకోవాలో కూడా చూద్దాం. ఒక్క మాట: రంపం, సుత్తి పట్టేటప్పుడు నాన్నగారో, అమ్మగారో, అన్నయ్యో పక్కన ఉండాలి.

కర్ర నీళ్ళు తాగుతుంది

ముందు కర్ర స్వభావం తెలుసుకోవాలి. వేసవిలో సులువుగా పడే తలుపు వానాకాలంలో బిగుసుకుపోవటం మీరు చూసే ఉంటారు. దీనికి కారణం ఏమిటి?

చెట్టు బతికి ఉన్నప్పుడు వేళ్ళు పీల్చిన నీరు సన్నని గొట్టాల వంటి కణాల గుండా పైకి పోతుంది. మనం నార అనేది ఈ కణాల వరసనే. చెట్టును కొట్టి, కోసి, ఎండబెట్టినా ఆ కణాల గోడలకు తేమను పీల్చే గుణం పోదు. గాలిలో తేమ ఎక్కువైతే అవి ఉబ్బుతాయి, తక్కువైతే ముడుచుకుంటాయి. కాని అన్ని వైపులా ఒకే విధంగా కాదు. పచ్చికర్ర పూర్తిగా ఎండేటప్పటికి నార పొడుగునా తగ్గేది వెయ్యింట ఒకటి రెండు పాళ్ళే. నారకు అడ్డంగా మాత్రం అనేక జాతుల కర్రలు నూటికి 5 మొదలు 10 పాళ్ళ దాకా తగ్గుతాయి.

మీరే పరీక్షించి చూడండి. ఒక పలుచని వెడల్పాటి చెక్కముక్క తీసుకుని, కాగితం మీద పెట్టి చుట్టూ సన్నగా గీత గియ్యండి. చెక్కను ఒక రాత్రంతా నీళ్ళలో నానవేసి, తెల్లవారి మళ్ళీ అదే గీతల మీద పెట్టండి. పొడుగు మారదు, వెడల్పు మాత్రం గీత దాటుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే పెట్టెలో వచ్చే సగం చిక్కులు మీకు ముందే తెలిసిపోతాయి.

కొలత, కోత

పాత పళ్ళపెట్టె చెక్క అయినా సరే, బాగా ఎండినదై, ఒక సెంటీమీటరు మందం ఉంటే చాలు. మేకులన్నీ పీకించి పెట్టుకోండి. కావలసిన ముక్కలు ఇవి: పొడుగు పక్కలు రెండు, ఒక్కొక్కటి 22 సెంటీమీటర్ల పొడుగు, 6 వెడల్పు. పొట్టి పక్కలు రెండు, 7 పొడుగు, 6 వెడల్పు. అడుగుచెక్క ఒకటి, మూత ఒకటి, ఈ రెండూ 22 పొడుగు, 9 వెడల్పు. పొట్టి పక్కలు పొడుగు పక్కల మధ్య ఇముడుతాయి. అప్పుడు పెట్టె లోపల 20 సెంటీమీటర్ల పొడుగు, 7 సెంటీమీటర్ల వెడల్పు చోటు ఉంటుంది. కొత్త పెన్సిలు హాయిగా పడుతుంది.

ఇక్కడ మొదటి తప్పు జరుగుతుంది. చాలామంది చెక్క మీద ముక్కలన్నిటికీ ఒకదాని పక్కన ఒకటిగా గీతలు గీసి, గీతల మీదనే కోసేస్తారు. రంపం కూడా కొంత కర్రను తింటుందని మరిచిపోతారు. కింద రాలే పొట్టు అంతా ఆ కర్రే కదా! ఒక్కొక్క కోతలో ఒకటిన్నర మిల్లీమీటరు పోయిందనుకుంటే, ఆరు కోతల్లో 9 మిల్లీమీటర్లు పోతాయి. కాబట్టి ఒక ముక్కకు గీత గీసి, గీతకు అవతల, పారేసే వైపున కొయ్యండి. తరవాతనే రెండో ముక్క కొలవండి.

ఒక పక్క పొట్టిగా తెగిపోయిందా? కంగారు పడకండి. దానికి ఎదురుగా ఉండే పక్కను కూడా అంతే పొడుగుకు కొయ్యండి. అడుగుచెక్కను, మూతను దానికి తగినట్టు తగ్గించండి. పెట్టె కాస్త చిన్నదవుతుంది, అంతే. 22 ఉండవలసింది 21 అయినా పెట్టెకు నష్టం లేదు. ఒకవైపు 22, ఎదురువైపు 21 అయితేనే అది పెట్టె కాకుండా పోతుంది.

దిద్దటానికి వీలులేని తప్పు ఒకటి ఉంది. నాలుగు పక్కల్లోనూ నార పెట్టె చుట్టూ అడ్డంగా తిరగాలి. పొట్టి పక్కల్లో నార నిలువుగా ఉండేటట్టు కోశారనుకోండి. వానాకాలంలో పొడుగు పక్కలు ఎత్తు పెరుగుతాయి, పొట్టి పక్కలు పెరగవు. ఒకటి లాగుతుంటే ఇంకొకటి బిగబట్టి ఉంటుంది. చివరకు ఎక్కడో ఒకచోట చెక్క పగులుతుంది. అటువంటి ముక్కను పక్కన పెట్టి, ఇంకొకటి కోసుకోవటమే మంచిది.

మేకు, జిగురు

నాలుగు పక్కలనూ జిగురు రాసి, సన్నని మేకులతో బిగించాలి. చెక్క చివర మేకు కొడితే చీలుతుందని అందరికీ తెలుసు. ఎందుకు చీలుతుంది? మేకు మొన ఉలిలాగా నారపోగుల మధ్య దూరి, వాటిని రెండు వైపులకూ తోస్తుంది. అందుకని మేకును తలకిందులుగా పెట్టి, మొన మీద సుత్తితో మెల్లగా ఒక దెబ్బ వెయ్యండి. మొద్దుబారిన మొన నారను చీల్చకుండా నలగగొట్టుకుంటూ లోపలికి పోతుంది. మేకు కంటె సన్నగా ముందే ఒక బెజ్జం వేసుకుంటే ఇంకా మంచిది.

అయినా చీలిందా? మేకు పీకేసి, చీలికలోకి జిగురు పోనిచ్చి, దారంతో గట్టిగా చుట్టి ఒక రోజు ఆరనివ్వండి. అతుకు బాగా పడితే అక్కడ మళ్ళీ చీలటం కష్టం. బెజ్జం తప్పుచోట పడితే, అగ్గిపుల్లకో వెదురుపుల్లకో జిగురు రాసి అందులో దిగగొట్టండి. ఆరిన తరవాత పైకి ఉన్న ముక్క కోసేసి, పక్కన కొత్త బెజ్జం వెయ్యండి.

జిగురు ఆరకముందే చూడవలసినది ఇంకొకటి ఉంది. పెట్టె మూలలు సరిగా ఉన్నాయా? ఒక దారం తీసుకుని, ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి. తరవాత రెండో జత మూలలు కొలవండి. మన కొలతల ప్రకారం రెండూ సుమారు 23.8 సెంటీమీటర్లు రావాలి. ఎదురెదురు భుజాలు సమానమై, రెండు కర్ణాలు కూడా సమానమైతే అది దీర్ఘచతురస్రమేనని మీరు లెక్కల పుస్తకంలో చదువుకున్నదే. ఒక కర్ణం ఎక్కువ వస్తే ఆ రెండు మూలలనూ చేతులతో లోపలికి నొక్కండి. పెట్టె సర్దుకుంటుంది. జిగురు ఆరిన తరవాత ఇది సాధ్యం కాదు.

పెట్టెను బల్ల మీద పెడితే ఒక మూల ఎగిరెగిరి పడుతుందా? గరుకు కాగితాన్ని బల్ల మీద పరిచి, పెట్టె అంచును దాని మీద ముందుకూ వెనక్కూ రుద్దండి. ఎత్తుగా ఉన్నచోటే అరిగి, నాలుగు అంచులూ సమం అవుతాయి. అప్పుడు అడుగుచెక్క బిగించండి.

మూలల్లో సన్నని సందులు మిగిలితే పొట్టు, జిగురు కలిపి పూడ్చవచ్చు. విజయవాడ దగ్గర ఉన్న కొండపల్లి బొమ్మలు మీకు తెలుసు గదా! ఆ బొమ్మలు చేసేవారు తేలికైన తెల్లపొణికి కర్రతో చేతులూ, కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ ముద్దకు మక్కు అని పేరు. అతుకులు కనపడకుండా చేసేది కూడా అదే. కాని పెద్ద సందును మక్కుతో నింపకండి. ఎండాక ముడుచుకుని పగులుతుంది. అటువంటి చోట అదే చెక్కనుంచి తీసిన సన్నని చీలికను, నార కలిసేటట్టు పెట్టి అతకండి.

మూత

మూతచెక్క అడుగున, అడ్డంగా రెండు సన్నని బద్దీలు బిగించాలి. పొట్టి పక్కలకు కాస్త ఇవతలగా, లోపలికి దిగేటట్టు ఉంటే మూత అటూ ఇటూ జరగదు. లోపలి వెడల్పు 7 సెంటీమీటర్లు కాబట్టి బద్దీలు 6.8 ఉండాలి. ఆ రెండు మిల్లీమీటర్లు మూత సులువుగా పడటం కోసం వదిలినవి! బద్దీకి నడుమ మాత్రమే జిగురు రాయండి. చివరలు వదిలేస్తే మూత ఉబ్బినా ముడుచుకున్నా పగలదు.

మూత బిగువైతే వెంటనే ఎక్కడపడితే అక్కడ అరగదీయకండి. బద్దీల అంచులకు సుద్దముక్క రుద్ది, మూత పెట్టి తియ్యండి. పెట్టె లోపల సుద్ద అంటుకున్నచోటే బిగువు ఉన్నది. దానికి ఎదురుగా బద్దీని కొంచెం అరగదీస్తే చాలు. మూత వదులైతే బద్దీ చివర పలుచని గుడ్డపేలిక అతికించండి.

నొక్కు, గీత

పని చేస్తుండగా సుత్తి జారి చెక్క మీద గుంట పడటం మామూలే. ఇక్కడ ఒక తమాషా ఉంది. గుంట మీద తడిగుడ్డ వేసి, వేడి ఇస్త్రీపెట్టెను ఒక్క క్షణం ఆనిస్తే గుంట చాలావరకు పైకి లేస్తుంది! ఈ పని పెద్దవాళ్ళ చేత చేయించండి. సుత్తి దెబ్బకు కణాలు నలిగాయే తప్ప తెగలేదు. ఆవిరి తగలగానే అవి తేమ పీల్చి ఉబ్బుతాయి. తలుపును బిగించే గుణమే ఇక్కడ మనకు సాయం చేస్తుంది. కాని రంపంతో తెగిన గీతకు ఈ వైద్యం పనిచెయ్యదు. తెగిన నార మళ్ళీ అతుక్కోదు. దాన్ని మక్కుతో పూడ్చవలసిందే.

చివరకు గరుకు కాగితంతో నార వెంటనే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. పడితే మళ్ళీ నార వెంట రుద్దితే పోతాయి. తరవాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. జిగురు మరకలున్న చోట చెక్క తడవక తెల్లగా కనిపిస్తుంది. అక్కడ గీకెయ్యండి, లేకపోతే నూనె పట్టదు. పెట్టె బాగా ఆరిన తరవాత అవిసెనూనె పలుచగా పూసి, మిగిలినది తుడిచెయ్యండి. ఆ నూనెగుడ్డను మాత్రం ఉండచుట్టి మూలకు పడెయ్యవద్దు. అవిసెనూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడి పోయే దారి లేక గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. ఆరుబయట విప్పి ఆరవెయ్యండి.

మీ మొదటి పెట్టె అడుగున తేదీ వేసి ఉంచండి. అది వంకరగా ఉన్నా పారెయ్యకండి. చెట్టు పెరిగి చేవదేరటానికి ఎన్నో సంవత్సరాలు పడుతుంది. మనం ఒక పూటలో చేసిన పొరపాటుకు ఆ చెక్క పొయ్యిలోకి పోవటం న్యాయం కాదు. రెండో పెట్టె మొదలుపెట్టేటప్పుడు దాన్ని ఒకసారి తిరగేసి చూడండి. ఎక్కడ అగ్గిపుల్ల దిగగొట్టారో, ఎక్కడ మక్కు పూశారో అన్నీ కనిపిస్తాయి. ఈసారి ఆ చోట్ల దగ్గర కొంచెం నిదానించి చెయ్యండి.