శీతలయంత్రమునకు శూన్యపు పంపు

రైలులో ఆమదాలవలసకు వచ్చువారు శ్రీకాకుళం రోడ్ అను పేరు గల స్టేషనులో దిగుదురు. ఈ ఊర ఒకప్పుడు సహకార చక్కెర కర్మాగారము నడచి, పిమ్మట మూతపడినది. నేడు ఇటువంటి పట్టణములలో ఫ్రిజ్జును, ఏ.సి.యు సామాన్య గృహోపకరణములైనవి. వానిని బాగుచేయు మిస్త్రీకి శూన్యపు పంపు ఏల కావలెనో, ఎట్టిది కావలెనో తెలిసికొనుటకు చక్కెర మిల్లే మంచి పాఠమని మేము తలంచుచున్నాము.

బెల్లము వండువారు చెరకురసమును మూతలేని పెనములో కాచెదరు. పాకము ముదురునప్పటికి వేడి 100 డిగ్రీలు దాటును. మిల్లులో అట్లు గాక, మూసిన పాత్రనుండి పంపుతో గాలిని లాగివేయుదురు. పైనున్న గాలి ఒత్తిడి తగ్గినకొలది నీరు తక్కువ వేడికే మరగును. అందుచే రసము 70 డిగ్రీల ప్రాంతముననే మరగి, మాడక పలుకు కట్టును. ఈ ఉపాయమును 1813లో ఇంగ్లండున ఎడ్వర్డ్ హోవర్డ్ కనిపెట్టెను.

శీతలయంత్రపు గొట్టములలో జరుగవలసినదియు ఇదియే. మరమ్మతుకై గొట్టము విప్పినప్పుడు గాలి లోనికి పోవును. మనది సముద్రతీరము, గాలితోపాటు తేమయు చేరును. ఆ తేమ ఫ్రిజ్జులోని సన్నని గొట్టమున మంచుగా గడ్డకట్టి దారి మూసివేయును. గ్యాసుతోను నూనెతోను కలిసి ఆమ్లముగా మారి, కంప్రెసరులోని తీగచుట్టలను పాడుచేయును. గ్యాసు నింపించిన కొలది దినములకే చల్లదనము తగ్గినదని గృహిణులు వాపోవుటకు ఇది ఒక కారణము.

కొందరు పంపు తగిలింపకయే, కొంత గ్యాసును వదలి గాలిని బయటికి నెట్టుదురు. దానివలన గ్యాసు దండుగ. గొట్టపు గోడలకంటిన చెమ్మ మాత్రము పోదు. చెమ్మ ఆవిరియై పోవలెను. సాధారణ వాయుపీడనము 760 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. 30 డిగ్రీల వేడిలో నీరు మరగవలెనన్న అది సుమారు 32 మిల్లీమీటర్లకు దిగవలెను. చివరి చెమ్మయు వదలుటకు అర మిల్లీమీటరు, అనగా 500 మైక్రానుల వరకు దింపుట ఈ వృత్తిలో వాడుక.

కావున పంపు కొనువాడు మొదట అడుగవలసినది "ఎంత పెద్దది?" అని కాదు, "ఎంత లోతునకు దింపును?" అని. రెండంచెల పంపులో మొదటి అంచె లాగినదానిని రెండవది మరల లాగును గనుక అదియే మేలు. పాత ఫ్రిజ్జు కంప్రెసరునే పంపుగా వాడువారు కలరు. అది గాలిని లాగునుగాని అంత లోతునకు చేరునని నమ్మరాదు. వేగము మాట కొస్తే, ఇండ్లలోని యంత్రములకు నిమిషమునకు 2 మొదలు 4 ఘనపుటడుగులు చాలును. పెద్ద పంపునకు పొడవైన ఇరుకు గొట్టము తగిలించిన దాని బలము వ్యర్థమే. పొట్టిదియు వెడల్పైనదియు తగిలింపవలెను.

నేటి ఏ.సి.లలో ఆర్-32, ఫ్రిజ్జులలో ఆర్-600ఏ అను మండు గ్యాసులు వాడుకలో ఉన్నవి. వానిపై పనిచేయువారు నిప్పురవ్వ పుట్టని స్విచ్చును, మోటారును గల పంపునే కొనవలెను. ఇందు పొదుపు పనికిరాదు.

పంపు నూనె తేమను పీల్చి మజ్జిగవలె తెల్లబడినచో వెంటనే మార్చవలెను. మైక్రానులు చూపు మీటరు లేనిదే పంపు పని తెలియదు. మామూలు గేజి ముల్లు ఇంత సూక్ష్మమును చూపజాలదు.

గృహస్థులకు మా మనవి ఒక్కటే. గ్యాసు నింపుటకు ముందు, వాల్వు మూసి పంపు ఆపించి 10 నిమిషములు మీటరు చూడుడు. అంకె కొంచెము పెరిగి నిలిచిన, లోపల ఇంకను తేమ ఉన్నది. ఆగక పెరుగుచున్న, ఎక్కడనో కారుచున్నది. కదలక 500కు లోపుననే నిలిచిన, గ్యాసు నింపవచ్చును. "అంకె ఎంతకు దిగినది, నాయనా?" అని అడుగుట మిస్త్రీని శంకించుట కాదు. పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు సంతోషించును.