మనసుకు మందు, ఒంటికి పరీక్ష

అమెరికాలో మందుల షాపులకు సరుకు చేరవేసే అతి పెద్ద కంపెనీల్లో మెకెసన్ ఒకటి. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తన ప్రధాన కార్యాలయాన్ని టెక్సస్‌లోని ఇర్వింగ్‌కు మార్చుకుంది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊరది. ఆ దేశపు మందుల వ్యాపారంతో మనవాళ్లకు ఇంకో బంధమూ ఉంది: తీవ్రమైన మానసిక జబ్బులకు అక్కడ అమ్ముడయ్యే యాంటీసైకోటిక్ మాత్రల వెనక హైదరాబాద్ కూడా ఉంది. వాటిలో ఒకటైన ఒలాంజపిన్ పేటెంటు ముగిసిన 2011 అక్టోబరులోనే దాని 20 మిల్లీగ్రాముల జెనెరిక్ మాత్రను హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. 2015 ఏప్రిల్‌లో ఇదే కోవలోని అరిపిప్రజోల్ జెనెరిక్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొలి అనుమతులు అందుకున్న నాలుగు కంపెనీల్లో హైదరాబాద్‌కే చెందిన హెటిరో ఒకటి. తయారీలో ఇంత ముందున్న మనవాళ్లు, ఇవే మందులు ఇంట్లో ఎవరైనా వాడుతుంటే మాత్రం బంధువుల ముందు నోరు మెదపరు. హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరు, ఆ ఒక్క మాటతో మనిషిని పక్కన పెట్టే అలవాటు సముద్రాలు దాటినా పోలేదు.

ఎవరూ లేకుండానే గొంతులు వినిపించడం, పక్కింటివాళ్లు తన మీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉద్రేకంతో ఊగిపోవడం... స్కిజోఫ్రీనియాలోనూ, బైపోలార్ జబ్బు ఉద్ధృతంగా ఉన్నప్పుడూ కనిపించే లక్షణాలివి. యాంటీసైకోటిక్ మందుల్లో దాదాపు అన్నీ మెదడులో డోపమిన్ అనే రసాయనం జోరును తగ్గించి పనిచేస్తాయి. వీటిలో మొదటిదైన క్లోర్‌ప్రోమజైన్‌ను 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ అనే డాక్టర్లు మానసిక రోగులకు ఇచ్చి చూశారు. అంతకు రెండు దశాబ్దాల ముందే, 1931లో, సర్పగంధ వేరు ఉన్మాదాన్ని తగ్గిస్తుందని మన దేశంలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు.

మందు నిజంగా మేలు చేస్తుందా అన్న అనుమానానికి గట్టి జవాబే ఉంది. 65 క్లినికల్ ట్రయల్స్ ఫలితాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2012లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. మందు కొనసాగించినవారిలో ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది 27 శాతం మందికి. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 64 శాతం మందికి. బాగైపోయింది కదా అని ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసేవారు, ‘మనిషి తిన్నగానే ఉన్నాడు, ఇంకా ఎందుకవి’ అని మాన్పించే ఇంటివాళ్లు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోవాలి.

అయితే ఒంటి మీద ఈ మందుల ప్రభావం చిన్నది కాదు. హలోపెరిడాల్ లాంటి పాత మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే కొందరికి మెడ ఒక పక్కకు మెలితిరిగిపోతుంది, కనుగుడ్లు పైకి వెళ్లిపోతాయి, నాలుక మందంగా మారి మాట రాదు. మనిషికి స్పృహ ఉంటుంది, నొప్పి తెలుస్తూనే ఉంటుంది. చూసినవాళ్లు గాలి సోకిందని హడలిపోతారు. విరుగుడు ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా నిమిషాల్లో సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి వాడాక పెదవులు, దవడ వాటంతటవే కదిలే సమస్య మాత్రం అంత తేలిగ్గా పోదు. దానికంటూ అమెరికాలో మొదటి మందుకు అనుమతి వచ్చింది 2017లోనే.

కొత్త మందుల్లో ఈ కదలికల బాధ తక్కువ. వాటి బెడద ఆకలి, బరువు, షుగర్. ముఖ్యంగా ఒలాంజపిన్, క్లోజపిన్ వేసుకునేవారికి అన్నం తిని లేచినా కడుపు నిండినట్టు ఉండదు. మనవాళ్లు అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. దక్షిణాసియావారికి తక్కువ బరువులోనే డయాబెటిస్ వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలవారికి షుగర్ పరీక్ష మొదలెట్టాల్సిన బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే కొలత) హద్దును 25 నుంచి 23కి దించింది. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 25 అంటే సుమారు 70 కిలోలు, 23 అంటే 65 కిలోలు. ఈ మధ్యలో ఉన్నవారిని ‘సన్నగానే ఉన్నారు’ అనుకుని వదిలేస్తే షుగర్ ముదిరాకే బయటపడుతుంది.

కాబట్టి మందు మొదలుపెట్టే రోజునే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాసి పెట్టుకోవాలి. బరువును 4, 8, 12 వారాలకు, రక్తపరీక్షలను 12 వారాలకు మళ్లీ చూడాలని 2004లోనే అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు కలిసి చెప్పాయి. డాక్టరు రాయకపోతే రోగి, ఇంటివాళ్లు అడగాలి. అడగడంలో తప్పేమీ లేదు. నెలసరి ఆగినా, బాలింత కాకుండానే పాలు వచ్చినా సిగ్గుపడకుండా చెప్పాలి. రిస్పెరిడోన్‌తో ఇలా జరగడం మామూలే, మోతాదో మందో మారిస్తే సరిపోవచ్చు.

రిస్పెరిడోన్ పేరుకు టెక్సస్‌లో ఇంకో చరిత్ర ఉంది. ప్రభుత్వ వైద్యంలో ఏ మందు ముందు రాయాలో చెప్పే మార్గదర్శకాలను తన మందుకు అనుకూలంగా మలచుకుందన్న ఆరోపణపై ఆ రాష్ట్రం ఈ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ మీద కోర్టుకెక్కింది. 2012 జనవరిలో ఆస్టిన్‌లో విచారణ నడుస్తుండగానే కంపెనీ తప్పు ఒప్పుకోకుండా 15.8 కోట్ల డాలర్లకు రాజీ పడింది. మరుసటి ఏడాది అమెరికా కేంద్ర ప్రభుత్వంతో కుదుర్చుకున్న 220 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందంలో మాత్రం, మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్న వృద్ధులకు అనుమతి లేకుండా ఈ మందును ప్రచారం చేసిన నేరాన్ని దాని అనుబంధ సంస్థ ఒప్పుకుంది.

ఆ వృద్ధుల సంగతి అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చి ఉండే తల్లిదండ్రులకు నేరుగా వర్తిస్తుంది. డిమెన్షియా ఉన్న పెద్దాయన రాత్రిళ్లు లేచి తిరుగుతున్నాడని, నిద్ర పట్టడానికని ఈ మాత్రలు ఇవ్వడం ప్రమాదం. 17 క్లినికల్ ట్రయల్స్‌ను పరిశీలించిన ఎఫ్‌డీఏ, ఇలాంటి వృద్ధుల్లో మరణాలు 1.6 నుంచి 1.7 రెట్లు పెరిగాయని 2005లో హెచ్చరించింది. తప్పనిసరైన సందర్భాలు లేకపోలేదు. అప్పుడు కూడా తక్కువ మోతాదులో, కొద్దికాలమే ఇవ్వాలి. ఇలా వచ్చేవారు ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చిన స్ట్రిప్పుల మీది బ్రాండు పేర్లు అక్కడి ఫార్మసిస్టుకు తెలియకపోవచ్చు. జెనెరిక్ పేరు, మోతాదు రాసిన డాక్టరు ఉత్తరం వెంట ఉండాలి.

ఏ మందుకూ లొంగని జబ్బుకు మిగిలేది క్లోజపిన్. తెల్ల రక్తకణాలు పడిపోయి ఫిన్లాండ్‌లో 1975లో కొందరు చనిపోయాక చాలా దేశాలు దీన్ని పక్కన పెట్టాయి. ఇతర మందులతో బాగుపడనివారికి ఇది పనిచేస్తుందని 1988లో తేలాక, మరుసటి ఏడాది అమెరికా అనుమతించింది. మొదటి ఆరు నెలలు వారం వారం రక్తపరీక్ష చేయించుకోవాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబనుకోకూడదు. రెండు రోజులకు మించి మాత్ర తప్పితే పాత మోతాదు వేసుకోకూడదు, డాక్టరు చెప్పినట్టు 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మందులన్నీ చెక్-ఇన్ సామానులో పెట్టి విమానం ఎక్కేవారికి, ఆ సామాను ఆలస్యమైతే మాత్రలు తప్పుతాయి కాబట్టి, ఇది ఎంతో అవసరమైన సమాచారం.

అమెరికాలో మనసు అదుపు తప్పే ఆపద వస్తే 988కి, తెలుగు రాష్ట్రాల్లో 14416 టెలీ-మానస్‌కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. టెలీ-మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.