తాళం వేసిన ఇళ్లకు కిరాయి కాగితం

నాగర్‌కర్నూల్ జిల్లాలోని తెలకపల్లి లాంటి మండల కేంద్రంలో కిరాయి ఇల్లు అవసరమయ్యేది ప్రధానంగా బదిలీ మీద వచ్చే టీచర్లకు, నర్సులకు, బ్యాంకు ఉద్యోగులకు. వీళ్లలో చాలామంది నాగర్‌కర్నూల్ నుంచో ఇంకా దూరం నుంచో అప్ అండ్ డౌన్ చేస్తారు. పిల్లల చదువుల కోసమంటారు, అదీ నిజమే. డబ్బు మాత్రం పెద్ద అడ్డు కాదు. 2021 వేతన సవరణలో తెలంగాణ ప్రభుత్వం చిన్న ఊళ్లకు ఖరారు చేసిన ఇంటి అద్దె భత్యం మూలవేతనంలో 11 శాతం. అంటే 40 వేల మూలవేతనానికి 4,400 రూపాయలు. దానికి తగిన ఇల్లు దొరకడమే కష్టం. మరోపక్క పాలమూరు పల్లెల నుంచి హైదరాబాద్‌కో ముంబైకో వలస వెళ్లినవాళ్ల ఇళ్లు తాళాలు వేసి ఉంటాయి. ఇల్లు ఖాళీగా ఉన్నా కిరాయికి ఎందుకు ఇవ్వరని అడిగితే, పన్నెండేళ్లు ఉంటే వాళ్లదే అయిపోతుందట కదా అన్న భయం బయటపడుతుంది.

ఆ భయానికి మూలం 1963 నాటి కాలపరిమితి చట్టం. అయితే పన్నెండేళ్ల లెక్క యజమాని హక్కును కాదని ఇల్లు పట్టుకు కూర్చున్నవాడికే వర్తిస్తుంది. కిరాయిదారుగా అడుగుపెట్టినవాడు, కిరాయి నడుస్తున్నంత కాలం, ఆ యజమానికి ఇంటిమీద హక్కు లేదని వాదించడానికి సాక్ష్యాధార చట్టమే ఒప్పుకోదు. కాబట్టి ఇంట్లో ఉన్నవాడు కిరాయికే వచ్చాడని చూపగలిగితే చాలు. నోటిమాటతో తాళంచెవి ఇచ్చినప్పుడు చిక్కు సరిగ్గా అక్కడే వస్తుంది. కాగితం రాయకపోతే నష్టపోయేది మొదట యజమానే.

కిరాయిదారు పరిస్థితీ గట్టిదేమీ కాదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నగరాలకు, మునిసిపాలిటీలకు ఉద్దేశించింది. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప పంచాయతీలకు వర్తించదు. ఇక్కడ దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. వేరే ఒప్పందం లేకుంటే నెలవారీ కిరాయిని పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. బడి సంవత్సరం మధ్యలో నోటీసు అందుకున్న టీచరు ఎక్కడికి పోవాలి?

నలుగురూ ఎరిగిన ఊళ్లో కాగితం అడిగితే నమ్మకం లేదన్నట్టు కాదా అంటారు. పొలం కౌలులోనూ అప్పులోనూ తగాదాలు ఎక్కువగా తెలిసినవాళ్ల మధ్యనే వస్తాయి కదా! రిజిస్ట్రేషన్ ఖర్చు మాట నిజమే. తెలంగాణలో ఏడాది లోపు ఒప్పందానికైనా అది తప్పనిసరే. పదకొండు నెలల రివాజు ఆ నియమం లేని చోట్ల పుట్టింది. కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుందన్న అభ్యంతరంలోనూ బలం ఉంది. అయినా కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, మీటరు బిల్లు ఎవరిది, బోరు మోటరు కాలితే ఎవరు బాగుచేయించాలి అన్నవి ముందే రాసుకుంటే సగం తగాదాలు పుట్టవు. కులం అడిగి గేటు మూసే యజమానిని ఏ కాగితమూ మార్చలేదు, అది వేరే రోగం.

వలస వెళ్లినవాళ్లు పండక్కి ఊరికి వచ్చినప్పుడు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. తాళం పెట్టిన ఇంటికి పైసా రాదు. స్టాంపు కాగితం మీద రాసి రిజిస్టరు చేయించిన ఇంటికి నెలనెలా కిరాయి వస్తుంది, హక్కూ ఎక్కడికీ పోదు.