తండ్రికి సెలవు: ముందడుగు ఎవరిది?

బిడ్డ పుట్టినప్పుడు తల్లికి సెలవు కావాలంటే కాదనేవారు లేరు. తండ్రి అడిగితే మాత్రం, "పురుడు పోసుకునేది నువ్వా?" అని నవ్వేవారు ఇంకా ఉన్నారు. మన ఇళ్లలో తొలి కాన్పు సాధారణంగా పుట్టింట్లోనే జరుగుతుంది. బాలింత పనీ, పసిబిడ్డ పనీ అమ్మమ్మ చూసుకుంటుంది. తండ్రి ఆదివారం పూట చుట్టంలా వచ్చి వెళ్తాడు. అందుకే సెలవు ఉన్నా అడగాలని చాలామందికి తోచదు.

చట్టం మాటకొస్తే, 2017 సవరణతో తల్లికి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల సెలవు వచ్చింది. తండ్రికి అందులో చోటు లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు ఇస్తారు. దాన్ని కాన్పు అయిన ఆరు నెలల లోపు వాడుకోకపోతే మురిగిపోతుంది. ప్రైవేటు ఉద్యోగి, దుకాణంలో పనివాడు యజమాని ఇష్టం మీద ఆధారపడాల్సిందే.

అయితే హక్కు ఒక్కటే చాలదని నార్వే అనుభవం చెబుతుంది. అక్కడ 1993కు ముందు నూటికి ముగ్గురు తండ్రులే ఈ సెలవు తీసుకునేవారు. ఆ ఏడాది నాలుగు వారాలు తండ్రికే కేటాయించి, అతను వాడుకోకపోతే పోతాయన్నారు. వెంటనే ఆ సంఖ్య 35కు చేరింది. 2006 నాటికి 70 అయింది.

మిగతావారు ఎలా కదిలారు? డాల్, లోకెన్, మోగ్‌స్టాడ్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించి 2014లో ప్రచురించారు. కొత్త నిబంధన వల్ల ఒకరు సెలవు తీసుకుంటే, తర్వాత తండ్రులైన అతని అన్నదమ్ముల్లో నూటికి 15 మంది, సహోద్యోగుల్లో 11 మంది అదనంగా తీసుకున్నారు. ముందు వెళ్లినవాడి ఉద్యోగానికి ముప్పు రాలేదని కళ్లారా చూడటమే వారికి ధైర్యం. అలా వెళ్లింది పై అధికారి అయితే, ఆ ప్రభావం సాటి ఉద్యోగి విషయంలో కంటే రెండున్నర రెట్లు మించింది.

ఇది చదువుతున్నవారిలో దుకాణాలు, వర్క్‌షాపులు నడిపేవారు ఎందరో ఉన్నారు. రోజుకూలికి సెలవంటే ఆ పూట కూలి పోవడమే. భార్య కాన్పుకు వెళ్లిన పనివాడికి వారం రోజులు జీతం కోయకుండా, అతని చోటు అతనికే ఉంచితే, పక్కవాడు రేపు జంకకుండా అడుగుతాడు. మీ ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడు మీరే నాలుగు రోజులు గల్లా వదిలి ఇంట్లో ఉంటే, అడగాల్సిన అవసరమే తగ్గుతుంది.