వందనూ పదినీ కలిపితే ఇరవై ఏడే!

పుత్తూరు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఎముకల కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. అదే పుత్తూరులో, పక్కనున్న నగరిలో, నారాయణవనంలో మరమగ్గాలు కూడా ఆడుతుంటాయి. మగ్గానికీ కీళ్లుంటాయి. వాటికి వైద్యం సన్న మూతి డబ్బాలోంచి పడే నూనె చుక్క. ఈసారి విశేషాలన్నీ ఆ చుక్క ఎలా తయారవుతుందన్న దాని గురించే.

మగ్గం నూనె, మోటారు సైకిలు నూనె ఒకటి కావు. మగ్గం మీద గుడ్డ ఉంటుంది కదా! చుక్క ఎగిరి నేత మీద పడితే మచ్చ, మచ్చ పడితే ఆ గుడ్డకు ధర పడిపోతుంది. అందుకే ఆ నూనెలో సబ్బు గుణమున్న మందు కలుపుతారు, ఉతికితే మచ్చ వదిలిపోతుంది. ఎగిరిపడకుండా ఇనుముకు అతుక్కుని ఉండటానికి ఇంకో మందు. ఈ మందులనే నూనెలు కలిపే ప్లాంట్లలో అడిటివ్‌లు అంటారు.

ఈ మందులు కలిపేది బేస్ ఆయిల్‌లో. ఇంజన్ ఆయిల్ డబ్బాలో కూడా సాధారణంగా ముప్పాతిక వంతుకు పైగా ఉండేది అదే. అది ముడి చమురు నుంచి వస్తుంది. పుత్తూరు నుంచి సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, చెన్నై దగ్గరి మణలిలో ఉన్న రిఫైనరీ ఈ బేస్ ఆయిల్ తీస్తుంది. భారత ప్రభుత్వం, అమెరికాకు చెందిన అమోకో, ఇరాన్ జాతీయ చమురు సంస్థ కలిసి 1965లో మద్రాస్ రిఫైనరీస్ పేరుతో దాన్ని స్థాపించాయి. 1969లో పని మొదలైంది. ఇప్పటి పేరు చెన్నై పెట్రోలియం.

ఇక శీర్షికలోని లెక్క. నూనె చిక్కదనాన్ని సెంటీస్టోక్‌లలో కొలుస్తారు. వంద ఉన్న నూనె సగం, పది ఉన్నది సగం కలిపితే సగటున యాభై ఐదు రావాలి అనిపిస్తుంది. రాదు. ఇరవై ఏడు దగ్గర ఆగుతుంది! చిక్కటి గంజిలో కాసిని నీళ్లు పోస్తే ఎంతగా పలచబడుతుందో చూసిన వాళ్లకు ఇది వింతగా తోచదు. పలచనిదే పెత్తనం చేస్తుంది. బ్యారెల్ మీద 46 అని ఉంటే, నలభై డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనం 41.4, 50.6 మధ్యే ఉండాలి. అందుకే ఆ లెక్కంతా ఇప్పుడు కంప్యూటరు చేస్తుంది.

ఆటోమేటిక్ ప్లాంటులో నూనె కలిపే పెద్ద పాత్రను కెటిల్ అంటారు. దాని కాళ్ల కింద తూకం చూసే లోడ్ సెల్స్ ఉంటాయి. ఏది ముందు పడాలో, ఎన్ని కిలోలు పడాలో, ఎంత వేడి కావాలో ముందే నమోదై ఉంటుంది. వాల్వు తెరుచుకుంటుంది, బరువు పెరుగుతుంది, చివరి కిలోల దగ్గర ధార సన్నబడి ఆగిపోతుంది. తేనెలా సాగే మందుల డ్రమ్ములను వేడి చేసి, లోపలికి గొట్టం దించి పీలుస్తారు. ఆ తర్వాత అదే డ్రమ్మును బేస్ ఆయిల్‌తో కడిగి, ఆ కడుగును కూడా కెటిల్‌లోకే పంపుతారు. చింతపండు రసం తీశాక గిన్నె కడిగి ఆ నీళ్లు కూడా పులుసులో పోసే మన అమ్మల పద్ధతే ఇది. నాకు ఈ ప్లాంట్లలో బాగా నచ్చిన పని కూడా ఇదే.

లీటర్లు వదిలి కిలోలు ఎందుకు పట్టుకున్నారు? వేడికి నూనె ఉబ్బుతుంది. పది డిగ్రీలకు నూటికి సుమారు 0.7 వంతు. సంక్రాంతి నాటి తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ పుత్తూరులో పాతిక డిగ్రీల తేడా ఉందనుకుంటే, వెయ్యి లీటర్లకు పదిహేడు లీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది. బరువు మాత్రం మారదు.

నురుగు రాకుండా వేసే సిలికాన్ మందు లక్షలో ఒక వంతు చాలు. పది టన్నులకు నూరు గ్రాములు! పాలకు తోడు వేసినట్టే. అయితే మోతాదు మించితే గాలి బుడగలు బయటికి రాలేక నూనెలోనే చిక్కుకుపోతాయి.

ఒక రకం నూనె పంపిన గొట్టంలోనే ఇంకో రకం పంపాలంటే ముందుగా ‘పిగ్’ వెళ్తుంది. గొట్టానికి సరిగ్గా పట్టే రబ్బరు దిమ్మ అది. గాలి ఒత్తిడితో దూసుకుపోతూ, మిగిలిన నూనెను తుడుచుకుంటూ వెళ్తుంది. ఇంత పట్టింపు ఎందుకంటే, ఈఎండీ అనే కంపెనీ పాత డీజిల్ రైలింజన్లలో కొన్ని బేరింగులకు వెండి పూత ఉండేది. కారు నూనెల్లో అరుగుదలను ఆపే జింకు మందు ఆ వెండిని తినేస్తుంది. కాబట్టి ఆ ఇంజన్లకు జింకు లేని నూనెలే పోయాలి.

నూనె కలపడం మనవాళ్లకు కొత్త కాదు. ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెన ఆముదంలో గడ్డి మసి రంగరించిందే. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా క్యాస్టర్ నుంచి, అంటే మన ఆముదం నుంచి, 1909లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లకు ఆముదమే పోసేవారు. దాని తుంపర మింగిన పైలట్లకు విరేచనాలు పట్టుకునేవి.

కెటిల్ పని అయ్యాక ప్రతి బ్యాచ్ నుంచీ ఒక సీసాడు నూనె తీసి, నంబరు రాసి అరలో దాస్తారు. అదే నంబరు బ్యారెల్ మీద కూడా ఉంటుంది. ఎక్కడో ఒక మగ్గం దగ్గర నూనె బాగోలేదని మాట వస్తే, ముందు తెరిచేది ఆ సీసానే.