స్టీరింగు వంకర ఎక్కడిది?

ఆలేరు పొలాల బాటలలో తిరిగిన ఎడ్లబండికి చక్రాలు రెండు, ఇరుసు ఒకటి. ఎడ్లు నొగను ఎటు తిప్పితే బండి మొత్తం అటే తిరుగుతుంది. చక్రాలు ఒకే ఇరుసుకు ఉండుటచేత వాటి దిశలు వేరుపడవు. అదే ఊరి మీదుగా హైదరాబాదు-వరంగల్లు రహదారిపై పోయే కారు సంగతి వేరు. దాని ముందు చక్రాలు రెండూ తమ తమ కీళ్ళపై విడివిడిగా తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం వెలుపలి దానికంటె కొంచెం ఎక్కువ తిరగవలెను. మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత లాంకెన్‌స్పెర్గర్ కల్పించిన ఈ ఏర్పాటుకు 1818లో లండనులో రుడాల్ఫ్ ఆకర్మన్ పేటెంటు పొందినాడు.

నేటి కార్లలో స్టీరింగు చక్రపు కదలికను రెండు టై రాడ్లు ముందు చక్రాలకు అందిస్తాయి. వీటి పొడవును బట్టి చక్రాల దిశ ఏర్పడుతుంది. పైనుంచి చూచినప్పుడు చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉంటే టో-ఇన్ అనీ, దూరంగా ఉంటే టో-అవుట్ అనీ అంటారు.

గతుకుల అదురును తగ్గించే భాగాలు అరిగితే మెకానిక్కు కొత్తవి వేస్తాడు. స్ట్రట్టును చక్రపు భాగానికి బిగించే బోల్టుల రంధ్రాలలో కొద్దిపాటి సందు ఉంటుంది. ఆ సందులో స్ట్రట్టు వెంట్రుకవాసి జరిగినా చక్రపు ఏటవాలు మారి, దానితో టో కూడ మారుతుంది. టై రాడ్డు చివరి బాల్ జాయింటును మార్చినప్పుడు ఈ తేడాను సులభంగా లెక్కించవచ్చును.

చక్రాలు రెండూ మొదట సమాంతరంగా ఉన్నవనుకొందాము. కొత్త జాయింటును ఎక్కించినప్పుడు ఒక్క చుట్టు తేడా వచ్చినది. మరచుట్టు అడుగు 1.5 మిల్లీమీటర్లు, చక్రాన్ని తిప్పే చేతి పొడవు 120 మిల్లీమీటర్లు అయితే, ఆ చక్రం 1.5/120, అనగా 1/80 రేడియను తిరుగుతుంది. ఇది సుమారు 0.7 డిగ్రీ. కారు తిన్నగా పోవునప్పుడు రెండు చక్రాలూ ఈ తేడాను సగం సగం పంచుకొంటాయి: ఒక్కొక్కదానికి 0.35 డిగ్రీ. స్టీరింగు చక్రం 16 డిగ్రీలు తిరిగితే రోడ్డుపై చక్రం 1 డిగ్రీ తిరిగే కారులో, స్టీరింగు దాదాపు 6 డిగ్రీలు వంకరగా నిలుస్తుంది. గడియారపు ముఖంపై ఇది ఒక నిమిషపు ఎడము.

కంటికి ఇది స్వల్పమే. కాని 0.35 డిగ్రీకి సైను విలువ సుమారు 1/160. అనగా కారు ఒక కిలోమీటరు పోయేసరికి ప్రతి ముందు టైరూ 6 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చినట్లే. ఆలేరు నుంచి భువనగిరికి సుమారు 25 కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రయాణంలోనే ఈడ్పు 150 మీటర్లు దాటుతుంది. కొత్త టైరు త్వరగా అరుగుటకు కారణమిదే.

ఇక్కడ మొత్తమూ పంపకమూ వేరు. రెండు చక్రాల టో మొత్తం తప్పితే టైరు అరుగుతుంది. మొత్తం సరిగా ఉండి, ఎడమకూ కుడికీ పంపకం తప్పితే స్టీరింగు మాత్రమే వంకర అవుతుంది. కనుక స్టీరింగు చక్రాన్ని ఊడదీసి తిన్నగా బిగించినంత మాత్రాన టైరుకు మేలు కలుగదు. ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో ఆ పని ప్రమాదకరం కూడ.

మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంత తాను మధ్యకు రాకపోవుట మరొక లోపం. సైకిలు ముందు ఫోర్కు వలె, కారు చక్రపు తిరుగుడు అక్షం కూడ వెనుకకు వాలి ఉంటుంది. దీనిని కాస్టర్ అంటారు. అది తగ్గినా, స్ట్రట్టు పైనున్న బేరింగు పట్టివేసినా చక్రం తిరిగిరాదు. టో సరిచేసినందువలన ఈ లోపం పోదు.

సరిచేయు పనికి ఒక క్రమమున్నది. మొదట టైర్ల గాలిని, జాయింట్ల వదులును చూడవలెను. రబ్బరు బుష్షుల బోల్టులను కారు బరువు చక్రాలపై ఉన్నప్పుడే తుదిగా బిగించవలెను. లేనిచో రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. వెనుక చక్రాల దిశను కొలువవలెను. అవి పక్కకు చూస్తే ముందు స్టీరింగు వంగక తప్పదు. కాస్టర్, ఏటవాలు సరిచూచిన పిమ్మట, స్టీరింగును సరిగా మధ్యలో నిలిపి కదలకుండా పట్టి, రెండు టై రాడ్లనూ వేర్వేరుగా సరిచేయవలెను.

విద్యార్థులు ఆగి ఉన్న కారు ముందు టైరుపై అరచేతిని అడ్డంగా, రెండు వైపులకూ నెమ్మదిగా జరిపి చూడవచ్చును. ఒకవైపు నున్నగానూ మరొకవైపు రంపపు పళ్ళవలెనూ తగిలితే, ఆ టైరు ప్రతి కిలోమీటరుకూ పక్కకు ఈడ్వబడుతున్నదని ఊహించవచ్చును.